మినుముల వ్యాపారం: అపోహలు – వాస్తవాలు

ఊళ్లలో మినుములు కొని తెనాలి వైపు మిల్లులకు వేయడం నా పని. బస్తాలోంచి మచ్చు తీసి, అరచేతిలో పరుచుకుని పుచ్చు ఎంత, మట్టిబెడ్డ ఎంత అని చూస్తాను. తర్వాత ఒక గింజ కొరుకుతాను. టక్కున విరిగితే ఆరినట్టు. పంటి కింద నలిగితే ఇంకా రెండు ఎండలు పడాలి.

అపోహ: మధ్యలో దళారిని తీసేస్తే రైతుకు ఎక్కువ వస్తుంది, మనకు చవగ్గా దొరుకుతుంది.

వాస్తవం: దళారిని తీసేయొచ్చు, అతను చేసే పనిని తీసేయలేం. రెండెకరాల రైతు దగ్గర ఉండేది పది పదిహేను బస్తాలు. మిల్లుకు కావాల్సింది లారీ లోడు, అదీ ఒకే రకం గింజ. పాతికమంది సరుకు పోగేసి, రకాలు విడదీసి, కాటా వేసి ఎక్కించేవాడు ఒకడుండాలి. రైతుకు డబ్బు ఆ వారంలోనే కావాలి, మిల్లు నెలకు గానీ ఇవ్వదు. ఆ నెల భారం మాది. ఒకసారి ఓ మిల్లు మూతపడి నా బాకీ మొత్తం ఆగిపోయింది. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి రైతులకు చెప్పిన రోజుకే ఇచ్చాను. ఇంకో సంగతి, 100 కిలోల మినుములు ఆడిస్తే వచ్చే పప్పు సుమారు 70–75 కిలోలే. రైతు ధరకీ కొట్టు ధరకీ ఉన్న తేడా అంతా మా జేబులోకే పోతుందనుకునేవాళ్లు దీన్ని లెక్కలో వేసుకోరు.

అపోహ: బర్మా మినుములు నాసిరకం, పిండి ఒదగదు.

అక్కడా మన కృష్ణా డెల్టాలోలాగే వరి తర్వాత అదే పొలంలో మినుము వేస్తారు. వాళ్లు తినేది తక్కువ, పండించేది ఎక్కువగా మన ఇడ్లీ, దోశల కోసమే. ఎఫ్‌ఏక్యూ (సగటు రకం), ఎస్‌క్యూ (మేలు రకం) అని రెండు గ్రేడ్లు వస్తాయి. ఎస్‌క్యూ గింజ లావు, గుండు పప్పుకు బాగుంటుంది. పిండి ఒదగలేదంటే చాలాసార్లు పప్పు పాతబడినట్టే.

అపోహ: దిగుమతిదారుకు ఎప్పుడూ లాభమే.

బేరం డాలర్లలో, సరుకు సముద్రం మీద. ఈలోపు ధర పడినా, రూల్ మారినా నష్టం అతనిదే. 2017 ఆగస్టులో కంది, పెసర, మినుముల దిగుమతికి కేంద్రం పరిమితులు పెట్టింది, 2021 మేలో ఎత్తేసింది. 2023 జూన్‌లో కంది, మినుములను కస్టమ్స్ దాటాక 30 రోజులకు మించి నిల్వ ఉంచకూడదంది. ఆ టెన్షన్ చిన్నది కాదు.

దిగుమతులతో మన రైతుకు నష్టం లేదని మా వ్యాపారులే అంటుంటారు. అదీ అపోహే. బర్మా కొత్త పంట, మన డెల్టా పంట దాదాపు ఒకే సమయంలో చేతికొస్తాయి. చెన్నై రేవులో ధర దిగిన రోజే మిల్లులు మాకు చెప్పే రేటూ దిగుతుంది. 2025–26కి మినుముల మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయలు. కోతలు మొదలవకముందే కొనుగోలు కేంద్రాలు తెరిస్తేనే అది రైతుకు అందుతుంది. కళ్లంలో సరుకు అమ్ముడైపోయాక తెరిస్తే ఎవరికి?

ఇక దళారులంతా దొంగలన్న మాట. కాదు, కానీ దొంగతనం ఉంది. అది కమీషన్లో కన్నా తరుగులో, కాటాలో ఎక్కువ. గింజ ఎండి ఉన్నా బస్తాకు కిలో, రెండు కిలోలు కోసేవాళ్లను చూశాను. పెట్టుబడికి అప్పిచ్చి, పంట తమకే అమ్మాలని కట్టేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి రైతుకు బేరమాడే దారే ఉండదు. అది అన్యాయం, మా వృత్తిలో ఉండి కూడా చెప్పాల్సిందే.

అమ్మే రోజు రైతు కాటా దగ్గరే నిలబడాలి. ఖాళీ కాటా సున్నా చూపించాకే మొదటి బస్తా పెట్టనివ్వాలి. తరుగు ఎంత, ఎందుకు అన్నది చీటీ మీద రాయించుకోవాలి. మా కాటా దగ్గర కూడా అంతే.