ష్యూబర్ట్ చివరి సొనాటా: తొమ్మిది బార్ల తగువు

పియానిస్టు ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ 2025 జూన్ 17న కన్నుమూశారు. ఆయన రికార్డింగులు మళ్ళీ తీసి వినేవాళ్ళకు పాత ప్రశ్నే ఎదురవుతుంది. స్వరకర్త ష్యూబర్ట్ 1828 సెప్టెంబరులో ముగించిన బి ఫ్లాట్ మేజర్ పియానో సొనాటా (ఆయన రచనల జాబితాలో డి. 960) మొదటి భాగంలో రిపీట్ వాయించాలా, అంటే థీమ్‌లు పరిచయమయ్యే తొలి అంశాన్ని (ఎక్స్‌పొజిషన్) మళ్ళీ మొదటి నుంచి వాయించాలా, వదిలేయాలా? బ్రెండెల్ వదిలేసేవారు.

గొడవంతా రిపీట్ గుర్తుకు ముందున్న తొమ్మిది బార్ల (తాళం ప్రకారం సంగీతాన్ని విడగొట్టే చిన్న కొలతల) మీదే. రిపీట్ మానేస్తే అవి సొనాటాలో ఇంకెక్కడా వినపడవు. సొనాటా మొదలైన ఎనిమిదో బార్‌లోనే, బాగా మంద్రంలో, జి ఫ్లాట్ స్వరం మీద ఒక ట్రిల్ (పక్కపక్క స్వరాల వేగమైన కదలిక) వస్తుంది. పియానిస్సిమో, అంటే చాలా మెల్లగా, ఎక్కడో దూరంగా ఉరిమినట్టు. ఆ తొమ్మిది బార్ల చివర అదే ట్రిల్ ఫోర్టిస్సిమోలో, అంటే చాలా గట్టిగా, విరుచుకుపడుతుంది. ఆ పైన మొదటి థీమ్ ఏమీ ఎరగనట్టు మళ్ళీ మెల్లగా మొదలవుతుంది.

1939లో పియానిస్టు ష్నాబెల్ ఈ సొనాటా రికార్డు చేసినప్పుడు రిపీట్ లేదు, మొదటి భాగం సుమారు 14 నిమిషాలు. 78 ఆర్‌పీఎం డిస్కు ఒక్కో వైపు నాలుగున్నర నిమిషాలే పట్టే రోజులవి. చాలాకాలం శ్రోతల చెవి ఆ పొడవుకే అలవాటుపడింది.

మలుపు తెచ్చింది పియానిస్టు రిక్టర్. 1972 సాల్జ్‌బర్గ్ రికార్డింగులో, రిపీట్‌తో కలిపి, ఆ ఒక్క భాగమే 24 నిమిషాలు దాటుతుంది. రెండింటినీ పోల్చేటప్పుడు మొత్తం నిమిషాలు చూసి మోసపోతాం. రిపీట్ లేకుండా ఆ భాగం 357 బార్లు. రిపీట్ మరో 125 దాకా కలుపుతుంది. ఒక్కో బార్‌కు పట్టిన సమయం చూస్తే ష్నాబెల్‌కు సుమారు 2.4 సెకన్లు, రిక్టర్‌కు మూడు. అంటే రిక్టర్ నెమ్మదే గాని, గడియారం చూపినంత కాదు. సరిగా పోల్చాలంటే మొదటి స్వరం నుంచి ఎక్స్‌పొజిషన్ చివరిదాకా మాత్రమే కొలవాలి.

ఆ బార్లకు మిగతా సంగీతంతో పొంతన లేదనీ, ఆ ట్రిల్ అంత గట్టిగా మోగితే దానిలోని మర్మం పోతుందనీ బ్రెండెల్ వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

అయితే రెండో ముగింపు, అంటే రిపీట్ అయ్యాక ఆ తొమ్మిది బార్ల బదులు వచ్చే చివర, సంగతి? ఎఫ్ మేజర్ శ్రుతిలో ఆగిన సంగీతం ఉన్నట్టుండి సి షార్ప్ మైనర్ శ్రుతిలోకి, అదీ పియానిస్సిమోలో జారుకుంటుంది. మొదటిసారి అదే చోట ఉరుము విన్న చెవి, రెండోసారి కూడా దానికే సిద్ధంగా ఉంటుంది. ఉరుము రాదు. రిపీట్ తీసేస్తే ఆ జారుడు కేవలం శ్రుతి మార్పుగా మిగులుతుంది. రిపీట్ వాయిస్తూ ట్రిల్‌ను మెత్తబరిచినా అంతే నష్టం.