చలికాలంలో అంతర్వేదికి వచ్చే పిల్లలకు

అమ్మలూ,

సంక్రాంతి సెలవులకి నువ్వూ తమ్ముడూ, మీ పెదనాన్న పిల్లలూ అందరూ అంతర్వేది వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. నిన్న ఫోన్లో అడిగావు కదా, "ఇంత చలిలో సముద్రంలో దిగితే వణికిపోమా తాతయ్యా?" అని. ఫోన్లో అంతా గోలగా ఉంది, సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను, బయల్దేరే ముందు అందరూ చదవండి.

పుష్యమాసంలో తెల్లవారుజామున మా తీరంలో అన్నిటికన్నా వెచ్చగా ఉండేది సముద్రమే. గాలి చల్లన, ఇసుక ఇంకా చల్లన, నీళ్లలో పాదం పెడితే మాత్రం గోరువెచ్చన. ఎందుకంటే, మా అమ్మమ్మగారి పెరట్లో ఒక రాగి కాగు ఉండేది. సాయంత్రం కొబ్బరి మట్టలూ డొక్కలూ ఎగదోసి అందులో నీళ్లు కాచేవారు. మంట మండుతున్నంతసేపూ కాగు మీది సత్తు మూత ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. లోపల నీళ్లు మాత్రం ఎంతకీ కాగేవి కావు, మేం పిల్లలం తువ్వాళ్లు చుట్టుకుని వరసగా నిలబడి "ఇంకా కాగలేదా అమ్మమ్మా" అని ప్రాణం తీసేవాళ్లం. అదే రాత్రి మంట ఆరిపోయాక మూత క్షణంలో చల్లబడిపోయేది, నీళ్లు మాత్రం మర్నాడు పొద్దున మొహం కడుక్కునేదాకా నులివెచ్చగానే ఉండేవి. సూర్యుడు పొయ్యి, సముద్రం కాగులో నీళ్లు, ఒడ్డున ఇసుక ఆ మూత. ఒకే బరువు ఇసుకనీ నీళ్లనీ ఒక్కలాగే వెచ్చబెట్టాలంటే నీళ్లకి సుమారు ఐదింతలు వేడి కావాలి. అంత తీసుకుంది కాబట్టే తొందరగా వదలదు. మన కాగు ఎంత పెద్దదో చూడు, వైశాఖంలో పట్టిన వేడి సంక్రాంతికి కూడా ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది.

కాగు సంగతి ఇంకా అయిపోలేదు. చలి రోజుల్లో దాని పక్కన పీట వేసుకుని కూర్చుంటే మొహానికి వెచ్చగా ఉండేది గానీ వీపుకి చల్లగాలి కొట్టేది. కాగు దగ్గర వేడిగాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి పెరట్లో చల్లగాలి జారుకుంటూ వచ్చేది. తెల్లవారుజామున ఊరి వైపు నుంచి సముద్రం మీదకి గాలి వీచేది అందుకే. ఎండెక్కి ఇసుక కాలాక గాలి తిరగబడి సముద్రం నుంచి ఊళ్లోకి వస్తుంది. ఇంజన్లు లేని రోజుల్లో మా పల్లెవాళ్లు చీకట్లోనే నేలగాలికి తెరచాప ఎత్తి చేపల వేటకి పోయేవాళ్లు, మధ్యాహ్నం సముద్రపు గాలి పట్టుకుని ఇంటికొచ్చేవాళ్లు. గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలుసుకోవడం వాళ్లకి బతుకు. మీరు పల్లెపాలెంలో పడవల మీద జెండాలు చూడండి. పొద్దున ఎటు ఎగురుతున్నాయో గుర్తుపెట్టుకుని భోజనాలయ్యాక మళ్లీ వెళ్లి చూడండి.

ఇక రావడం ఎలాగంటే, నరసాపురం వరకు రైలు. అక్కడ మాధవాయిపాలెం రేవులో పంటు, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కితే సఖినేటిపల్లి రేవులో దిగుతారు, అక్కణ్ణుంచి ఆటో. అమలాపురం వైపు నుంచి రాజోలు మీదుగా రోడ్డు కూడా ఉంది గానీ, పంటే ఎక్కండి. వశిష్ఠ గోదావరి మధ్యకొచ్చాక కుడి చేతి వైపు చూడండి, సముద్రం అటే. మంచు దట్టంగా పడితే పంటు ఆపేస్తారు, టెన్షన్ పడకండి. రేవులో టీ తాగుతూ నీళ్ల మీద లేచే ఆవిరి చూస్తూ కూర్చోండి.

లక్ష్మీనరసింహ స్వామివారి దర్శనం నిదానంగా అవుతుంది ఈ రోజుల్లో. మాఘశుద్ధ దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథం. అప్పుడు తీర్థానికి జనం విరగబడతారు, పిల్లలతో కష్టం. తీర్థం సరదా వేరు, అది ఇంకోసారి.

అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, అంటే గోదావరి సముద్రంలో కలిసే చోట, ఎవరూ నీళ్లలో దిగొద్దు. నీళ్లు వెచ్చగా, తేటగా ఉన్నాయి కదా అని మోసపోవద్దు. పాటు మొదలైతే, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, నదీ సముద్రం కలిసి లోపలికి లాగుతాయి, ఈత వచ్చినవాళ్లు కూడా తట్టుకోలేరు. పాదాలు తడుపుకోవాలంటే ఊరి ముందున్న బీచిలో, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని. ఎర్ర పీతల్ని తరమకండి. కదలకుండా కూర్చుంటే అవే కన్నాల్లోంచి బయటికొచ్చి, కళ్లు నిక్కపొడుచుకుని మిమ్మల్ని చూస్తాయి.

తాటి తేగల కాలం ఇది. పాతరలోంచి తవ్వి తీసి తంపటి వేసిన తేగలు కట్టలు కట్టి అమ్ముతారు, వేడివేడిగా కొనుక్కోండి. చీల్చాక మధ్యలో చందమామ, అదే లేత మొవ్వు, వస్తుంది, దాని కోసం మీరు నలుగురూ కొట్టుకోకుండా ఉంటే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి ఉంచాను. ఈ నెలల్లోనే సముద్రపు తాబేళ్లు, ఆలివ్ రిడ్లే అంటారు, రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. మూరెడు లోతు గుంట తవ్వి వందకి పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతాయి. మళ్లీ వెనక్కి రావు. పైన మన కాళ్లని జివ్వుమనిపించే ఆ ఇసుకే, అడుగున వెచ్చదనం దాచిపెట్టి 45 నుంచి 55 రోజులు ఆ గుడ్లని పొదుగుతుంది. బాగా వెచ్చగా ఉంటే ఆడ పిల్లలు పుడతాయి, కొంచెం తగ్గితే మగవి. ఒక్క గుప్పెడు ఇసుకకి ఇంత పనా అని నాకు ఇన్నేళ్లొచ్చినా ఆశ్చర్యమే, ఇంతకన్నా విడమరిచి చెప్పడం నా వల్ల కాదమ్మా.

పొద్దున్నే ఇసుక మీద నీళ్లలోంచి పైకి పోయిన వెడల్పాటి చార కనిపిస్తుందేమో చూడండి. రెండు పక్కలా రెక్కలతో తోసిన గుర్తులు, మధ్యలో పొట్ట ఈడ్చిన జాడ ఉంటాయి. దాన్ని చెరపొద్దు, గుల్లగా ఉన్న ఇసుకని తొక్కొద్దు, తవ్వొద్దు. నాకు చెప్పండి, ఫారెస్టువాళ్లకి కబురు పెడతాను. రాత్రి బీచిలో టార్చిలు, ఫోన్ లైట్లు వెయ్యకండి, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపే పోతాయి, సముద్రం వదిలేసి ఊళ్లోకి వచ్చేస్తాయి. చిప్స్ కవర్లు జేబులోనే పెట్టుకుని ఇంటికి తెచ్చెయ్యండి.

స్వెట్టర్లూ, తమ్ముడికి చెవుల టోపీ మర్చిపోవద్దు. ఏ రోజు ఏ రైలుకో అమ్మ చేత చెప్పించు, సఖినేటిపల్లి రేవుకి ఆటో పంపిస్తాను.

తాతయ్య