బెట్ట, చౌడు, 1010 వరి: డీఎస్‌టీ జన్యువు నేపథ్యం

మార్టేరు పరిశోధన కేంద్రం కృష్ణవేణి, ఐఆర్ 64 రకాలను సంకరపరచి రూపొందించిన ఎంటీయూ 1010కి కాటన్‌దొర సన్నాలు అన్న పేరున్నా, వాడుకలో అది 1010గానే నిలిచింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’ ఈ రకం నుంచి వచ్చినదే. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అందులోకి బయటి జన్యువును చేర్చలేదు. అందులోనే ఉన్న డీఎస్‌టీ అనే జన్యువును పనిచేయకుండా చేశారు.

బెట్టను, చౌడును తట్టుకునే వరి కోసం అంతకుముందు వెతుకులాట వేరే దారిలో సాగేది. ఉప్పును ఓర్చుకునే జన్యువుల కోసం కేరళ తీరపు పొక్కాలి, బెంగాల్‌లోని నోనా బోక్రా వంటి నాటు రకాలను ఆశ్రయించారు. నోనా బోక్రాలో 2005లో గుర్తించిన ఎస్‌కేసీ1 అనే జన్యువు, వేళ్ల నుంచి పైకి పోయే నీటిలోని సోడియాన్ని దారిలోనే వెనక్కి లాగి ఆకులను కాపాడుతుంది. అయితే దానితో బెట్ట సమస్య తీరదు.

2009లో షాంఘైలోని లిన్ హాంగ్‌షువాన్ బృందం ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో మార్పులు) కలిగించిన వరి మొక్కల్లో ఉప్పుకు నిలిచిన దాన్ని పట్టుకుని, అందులో ఏది చెడిందో చూసింది. చెడినది డీఎస్‌టీ. ‘బెట్ట, ఉప్పు సహనం’ అని దానికి పేరు పెట్టారు గానీ, ఆ జన్యువు చేసే పని అందుకు సరిగ్గా విరుద్ధం.

బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చేదీ, నీరు ఆవిరై పోయేదీ ఆకు మీది పత్రరంధ్రాల గుండానే. రంధ్రానికి ఇరువైపులా ఉండే రక్షక కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోగుపడితే అది మూసుకుంటుంది. డీఎస్‌టీ ప్రోటీన్ ఆ పెరాక్సైడ్‌ను తొలగించే జన్యువులను పనిచేయిస్తూ రంధ్రాన్ని తెరిచి ఉంచుతుంది. అది లేని మొక్కలో రంధ్రాల సంఖ్య తగ్గుతుంది, ఉన్నవీ తక్కువగా తెరుచుకుంటాయి. ఆకు లాక్కునే నీరు తగ్గినకొద్దీ ఆ నీటితో ఎక్కే ఉప్పు కూడా తగ్గుతుంది. రంధ్రాలు మూసుకుంటే ఆహార తయారీ కుంటుపడే ప్రమాదం ఉంది కనుక దిగుబడి లెక్క ఇక్కడ కీలకం.

కంకిలో గింజల సంఖ్యను తగ్గించే సీకేఎక్స్2 జన్యువును ప్రేరేపించేది కూడా డీఎస్‌టీయేనని 2013లో తేలింది. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి రకంలో జన్యువును సవరించి, పూసా డీఎస్‌టీ రైస్ 1 ప్రకటించిన రోజునే ‘కమల’గా ముందుకు తెచ్చిన రకంలో మార్చినది ఈ సీకేఎక్స్2నే.

ఎంటీయూ 1010లో డీఎస్‌టీని సవరించిన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. బయటి జన్యువు లేని సవరణలకు 2022 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. విడుదల ప్రకటన తరువాత క్షేత్ర పరీక్షల లెక్కలపై, సవరణ సాంకేతికతకు ఉన్న పేటెంట్లపై అభ్యంతరాలు వచ్చాయి.