హెడ్‌సెట్‌లో డెంగీ వార్డు

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో డెంగీ కేసులకు కొదవ ఉండదు. అయినా పోస్టింగుకు వెళ్లిన నర్సింగ్ విద్యార్థికి డెంగీ రోగి విషమించే ఘడియ కంటపడుతుందన్న భరోసా లేదు. ఆ దశ సాధారణంగా 3 నుంచి 7వ రోజు మధ్య, జ్వరం తగ్గుముఖం పట్టాకే మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అది విద్యార్థి డ్యూటీ దిగిపోయాక, అర్ధరాత్రి రావచ్చు. పగలే వచ్చినా సీనియర్ సిస్టర్లు, డాక్టర్లు మంచం చుట్టూ చేరతారు కాబట్టి విద్యార్థి గోడవారకు జరగాల్సిందే. తప్పేం లేదు, ప్రాణం మీదికొచ్చిన మనిషి దగ్గర పాఠాలు చెప్పరు. కంప్యూటర్ తెర మీదో, కళ్లకు తగిలించుకునే హెడ్‌సెట్‌లోనో కనిపించే వర్చువల్ వార్డు అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే.

ఒక కేసు ఇలా కట్టొచ్చు. యువకుడు, 60 కిలోలు, జ్వరం ఐదో రోజు. పొద్దున బీపీ 110/70, నాడి 96, జ్వరం 102. మధ్యాహ్నానికి జ్వరం 99కి దిగింది. బీపీ 100/80, నాడి 112. తల్లి ముఖం వికసించింది: “జరం తగ్గింది గద సిస్టరమ్మా! ప్లేట్‌లెట్లు ఎన్నున్నయి? బొప్పాయాకు రసం తాపియ్యాల్నా?” బీపీ పై అంకె 100 ఉంది కదా, ఫరవాలేదనుకుంటే విద్యార్థి బోల్తా పడ్డట్టే. చూడాల్సింది రెండంకెల మధ్య తేడా. పొద్దున 40 ఉన్న తేడా ఇప్పుడు 20కి వచ్చింది. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, బయటికి ఊరిపోతుంటే శరీరం నాళాలను బిగించి ఒత్తిడిని నిలబెడుతుంది. అందుకే కింది అంకె పెరుగుతుంది, పై అంకె కాసేపు అలాగే ఉంటుంది. తేడా 20 లేదా అంతకన్నా తక్కువకు వస్తే షాక్, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితి, మొదలైనట్టు లెక్క. పై అంకె కూలేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

ఇక్కడ విద్యార్థి చేతులు పట్టుకుని చల్లగా ఉన్నాయేమో చూడాలి, గోరు నొక్కి వదిలితే రంగు 2 సెకన్లలో తిరిగొస్తుందో లేదో చూడాలి. పీసీవీని, అంటే రక్తంలో ఎర్రకణాల శాతాన్ని, పాత రిపోర్టుతో పోల్చాలి. 38 ఉన్నది 46 అయితే 20 శాతం దాటి పెరిగినట్టే. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. ఒళ్లునొప్పులన్నాడని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వైపు చెయ్యి పోకూడదు. అన్నిటికంటే ముందు డాక్టర్‌కు కబురు వెళ్లాలి. “పేషెంట్ డల్‌గా ఉన్నాడు సార్” అంటే చాలదు, అంకెలు చెప్పాలి.

చాలా సాఫ్ట్‌వేర్లు దెబ్బతినేది మెనూ దగ్గర. “చేతులు శుభ్రం చేసుకో”, “బీపీ చూడు” అని తెర మీద వరుసగా కనిపిస్తుంటే గుర్తు తెచ్చుకోవాల్సిన పనే లేదు. తెలివైన విద్యార్థులు అన్నీ నొక్కేసి నూటికి నూరు తెచ్చుకుంటారు. దీనికి విరుగుడు ప్రతి పనికీ కొంత సమయం ఖర్చు పెట్టించడమే. బీపీకి రెండు నిమిషాలు, అక్కర్లేని పరీక్షకు పది. అన్నీ నొక్కినవాడికి గడియారం ముందుకు పరిగెడుతుంది, రోగి కంగారుపడి మంచం మీద దొర్లడం మొదలెడతాడు. రోగి మాటలు కూడా మన వార్డులో వినిపించేవే కావాలి: “కడుపుల ఒకటే నొస్తున్నది” అనేవాళ్లూ, దక్కనీ ఉర్దూలో చెప్పేవాళ్లూ ఇద్దరూ ఉండాలి.

ఈ కేసుకు హెడ్‌సెట్ అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. నిర్ణయం తీసుకోవడం నేర్పడానికి లక్షలు పోయనక్కర్లేదు. హెడ్‌సెట్ కొంటే మాత్రం ఒక విడతకు 15 నిమిషాలు మించకుండా, తల తిరిగేవాళ్లను కూర్చోబెట్టి వాడించాలి. కొప్పు మీద పట్టీ సరిగా నిలవదు, తలనూనె మెత్తకు అంటుకుంటుంది. ప్రతిసారీ తుడవాల్సిందే.

సిరలోకి మందు ఎక్కించడానికి పెట్టే సన్నని గొట్టం, క్యాన్యులా సంగతి వేరు. చేతికి బిగించే పట్టీ (టోర్నికెట్) కట్టడం, స్పిరిట్ పూర్తిగా ఆరనివ్వడం, 15 నుంచి 30 డిగ్రీల వాలులో గుచ్చడం, రక్తం కనబడగానే సూదిని వాల్చి మరికాస్త నెట్టి ప్లాస్టిక్ గొట్టాన్ని జార్చడం, టోర్నికెట్ విప్పి సూదిని తెల్ల డబ్బాలో వేయడం... ఈ వరుసను హెడ్‌సెట్ బాగానే నేర్పుతుంది. బయటికి లాగిన సూదిని మళ్లీ గొట్టంలో దూర్చబోతే అక్కడికక్కడే ఆపేయాలి, ఎందుకంటే గొట్టం కొస తెగి రక్తంలో పడొచ్చు. కానీ హెడ్‌సెట్‌తో వచ్చే చేతి పరికరం, కంట్రోలర్‌ను పిడికిట పడతాం, క్యాన్యులాను వేళ్లతో పడతాం. చర్మాన్ని లాగిపట్టే రెండో చేతికి అక్కడ పనే ఉండదు, సిర పక్కకు జారడం తెలియదు. పైగా సిర దొరకగానే కంట్రోలర్ వణుకుతుంది. నిజం చేతిలో అలాంటి వణుకు ఉండదు, కాబట్టి ఆ సౌకర్యం తీసేయడమే మేలు. తర్వాతి మెట్టు రబ్బరు చెయ్యి. దాన్నీ పదేపదే ఒకేచోట గుచ్చితే దారి ముందే పడిపోయి అందరికీ సులువుగా దిగుతుంది. ఆ చేతిలోని సిర గొట్టం, పై తొడుగు మారుస్తుండాలి.

అమెరికాలో 10 నర్సింగ్ విద్యాసంస్థల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2014లో వచ్చాయి. ఆసుపత్రిలో గడపాల్సిన క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌కు, అంటే నకలు కేసులతో సాధనకు, మార్చినా చదువులో లోటు కనబడలేదని తేలింది. దీన్ని చూపించి హెడ్‌సెట్లు అమ్మేవాళ్లున్నారంటే ఆశ్చర్యం లేదు. అయితే ఆ సిమ్యులేషన్‌లో మ్యానికిన్లు (మనిషి బొమ్మలు), రోగి పాత్ర వేసే మనుషులు, శిక్షణ పొందిన అధ్యాపకులు, ప్రతి కేసు తర్వాత పద్ధతిగా సాగే చర్చ ఉన్నాయి.

ఆ చర్చకు కేసుకు పట్టిన సమయానికి రెట్టింపు కేటాయించాలి. “ఎందుకు చెప్పలేదు?” అంటే విద్యార్థి నోరు మూసుకుంటుంది. “100/80 చూసినప్పుడు ఏమనుకున్నావమ్మా?” అంటే ఆలోచన బయటికొస్తుంది. వారం తర్వాత అదే కేసును వేరే మనిషితో ఆడించాలి. ఈసారి బీపీ ఎక్కువుండే యాభై ఏళ్ల ఆయన, మామూలుగా 160/100, ఇప్పుడు 130/112. 100/80ని బట్టీపట్టినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.