మీటరు తిరగలేదుగా, బండికేమవుద్ది?

మా భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద ఇలాంటి పికప్‌లు బోలెడు కనిపిస్తాయి. కొని పదేళ్లు దాటి ఉంటుంది, మీటరు చూస్తే నలభై వేలు కూడా ఉండదు. మేత బస్తాలేసుకుని ఇంటి నుంచి చెరువుకి, చెరువు నుంచి ఇంటికి. పట్టుబడి అయిపోతే నెలల తరబడి రేకుల షెడ్డులోనే. ఆ అంకె చూసుకుని ఓనర్లకి మహా ధీమా. నాకైతే హైవే మీద లక్షన్నర తిరిగిన బండి దగ్గరున్న నమ్మకం వీటి మీద ఉండదు.

అపోహ: పదివేలు తిరగలేదు, ఇంజిన్ ఆయిల్ అప్పుడే ఎందుకు?

బండితో ఇచ్చిన పుస్తకం తీయండి. కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది. నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేసే బండిలో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు. ఆయిల్ పోసే మూత విప్పితే అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు కనిపించేది అందుకే. మూతకే ఉంటే తేమ అనుకోవచ్చు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిలంతా పాలరంగులోకి తిరిగితే మాత్రం కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే రేడియేటర్ ద్రవం) లోపలికి కలుస్తోందని అనుమానించాలి, స్టార్ట్ చేయకండి.

ఇంకో మాట. చెరువు గట్టున లోడయ్యేదాకా ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుతారు. ఆ గంటలు మీటరుకి ఎక్కవు, ఆయిలుకి ఎక్కుతాయి. డీజిల్ ఫిల్టరు కూడా ఈ లెక్కలోదే. సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి నిలబెడితే లోపల తేమ నీరుగా చేరుతుంది. ఫిల్టరు కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటే అప్పుడప్పుడూ విప్పి చూడండి.

అపోహ: రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే బండి బాగుంటుంది

బాగుండదు. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి పోయింది ఆ ఐదు నిమిషాల ఐడ్లింగులో పూర్తిగా తిరిగి రాదు. ఇంజిన్ వేడెక్కదు, సైలెన్సర్లో నీళ్లు మిగిలిపోతాయి. దానికి బదులు వారానికోసారి పాలకొల్లు దాకా తోలుకుని రండి. 2020 ఏప్రిల్ తర్వాత కొన్న బీఎస్6 డీజిల్ బండికి ఇది ఇంకా ముఖ్యం. పొగలోని మసిని పట్టే ఫిల్టరు కాస్త దూరం, కాస్త స్పీడు ఉంటేనే పట్టిన మసిని కాల్చుకుని శుభ్రపడుతుంది. లేకపోతే ఆ మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా చిమ్మే డీజిలు ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగిందని ఒకాయన నా దగ్గర సంబరపడ్డాడు!

అపోహ: ప్యాడ్లు అరగలేదు, బ్రేకులు బాగున్నట్టే

మొన్న వేసవిలో 2014 మోడల్ ఒకటి వచ్చింది, మీటరు 36 వేలు. "పెడలు మెత్తగా దిగుతోందండీ, ప్యాడ్లు మార్చేయండి" అన్నారు ఓనరు. ముందు ప్యాడ్లు సగం కూడా అరగలేదు. వెనక చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ వదిలే నిపుల్ వదులు చేసి చూస్తే బ్రేక్ ఆయిల్ టీ డికాషన్ రంగులో వచ్చింది. డ్రమ్ము ఊడదీసి వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో బ్రేకు లైనింగుల్ని తోసేది) రబ్బరు ఎత్తితే లోపల తడి, తుప్పు. రెండు పిస్టన్లలో ఒకటి బిగుసుకుపోయింది.

బ్రేక్ ఆయిల్ గాల్లోంచి తేమ లాక్కుంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన ఆయిలుకి ఆ కనీస హద్దు 140 డిగ్రీలే. లోడుతో మారేడుమిల్లి ఘాట్ దిగుతూ బ్రేకు మీద బ్రేకు వేస్తే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలొస్తాయి, పెడలు నేలకి అంటుకుంటుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమనేది. నిలబెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి నెలలు వదిలేయకండి, పట్టేస్తుంది. గేరులో ఉంచి చక్రాలకి ఇటుకలు పెట్టండి.

అదే బండి టైర్లకి బటన్ (నేలని పట్టే గాడుల మందం) నిండా ఉంది. కానీ పక్కగోడల మీద బీటలు. అక్కడే నాలుగంకెలు చూపించాను: 0914. అంటే 2014లో తొమ్మిదో వారం తయారీ. "బటన్ ఇంత ఉంటే తీసేయమంటారేంటండీ?" అని ఆయన బాధ. రబ్బరుకి వయసుంటుంది. ఐదేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలి, పదేళ్లు దాటితే బటన్‌తో పని లేదు.

అపోహ: కింద నల్ల కోటింగ్ కొట్టించా, తుప్పు పట్టదు

తుప్పు మీదా తడి మట్టి మీదా కొడితే, ఆ తడిని లోపల దాచిపెట్టినట్టే. రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పునీళ్లు ఛాసిస్ పెట్టెలోకి దిగుతాయి. అవి బయటికి పోయే రంధ్రాలు బురదతో మూసుకుపోయి ఉంటాయి. ముందు వాటిని పుల్లతో పొడవండి, మంచినీళ్లు కొట్టండి, బాగా ఆరనివ్వండి. కోటింగ్ సంగతి ఆ తర్వాత.

అపోహ: పాత బండికి అన్నీ మార్చేయాలి

అక్కర్లేదు. ఇంజిన్ ఫ్లష్‌లు, డీజిల్లో కలిపే సీసాలు ఎవరైనా అంటగడితే వద్దనండి. ఆ డబ్బుతో కూలెంట్ మార్చుకోండి, బెల్టులూ హోసులూ చూపించుకోండి. ప్రొపెల్లర్ షాఫ్టుకి (గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి తిప్పుడు అందించే రాడ్డు) గ్రీజు కొట్టించండి.

స్టెప్నీని ఓసారి కిందికి దించి చూడండి. ఛాసిస్ కింద వేలాడే ఆ గొలుసుని ఎవరూ ముట్టుకోరు. కిందటేడు ఒకదాన్ని కటింగ్ మిషనుతో కోసి దించాను. తీరా చూస్తే టైర్లో గాలి లేదు.