కాలేయం 17 ఏళ్లు దాచిన జబ్బు: ఐర్లండ్ తల్లుల నుంచి ప్రపంచం నేర్చుకున్నది

దీర్ఘకాలిక హెపటైటిస్ సి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) కాలేయాన్ని ఎన్నేళ్లలో పాడుచేస్తుంది? ఈ ప్రశ్నకు వైద్యులు చాలాకాలం సరైన జవాబు చెప్పలేకపోయారు. వైరస్ ఒంట్లోకి ఎప్పుడు చేరిందో రోగికి తెలియదు. ఎక్కువమందికి ఆ సమయంలో కామెర్లు కూడా రావు. పొట్టలో నీరు చేరి, కాళ్లు వాచి ఆసుపత్రికి వచ్చినవారినే చూస్తే ఈ జబ్బు అందరినీ, కాలేయం మచ్చలతో గడ్డలు కట్టే సిర్రోసిస్‌ దాకా తీసుకుపోతుందనిపిస్తుంది. రక్తదానం చేయబోయి పరీక్షలో దొరికినవారిని చూస్తే దీనితో ముప్పేమీ లేదనిపిస్తుంది. ఈ చిక్కు వీడాలంటే ఇన్‌ఫెక్షన్ మొదలైన తేదీ కచ్చితంగా తెలిసిన పెద్ద బృందం కావాలి. అలాంటి బృందం ఐర్లండ్‌లో దొరికింది. దొరికిన తీరు మాత్రం క్షమించరానిది.

నెగటివ్ గ్రూపు రక్తం ఉన్న తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే, తర్వాతి కాన్పులో బిడ్డకు ప్రమాదం రాకుండా యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. మన ఆసుపత్రుల్లోనూ ఇస్తారు. ఐర్లండ్‌లో ఆ మందును డబ్లిన్‌లోని రక్తమార్పిడి సంస్థ స్త్రీల ప్లాస్మా (రక్తంలోని కణాలు తీసేయగా మిగిలే ద్రవం) నుంచి స్వయంగా తయారుచేసేది. 1976లో ప్లాస్మా మార్పిడి చికిత్స పొందుతున్న ఒక గర్భిణి నుంచి తీసిన ప్లాస్మాను అందుకు వాడారు. ఆ ఏడాది నవంబరులో ఆమెకు కామెర్లు వచ్చాయి. ఇన్‌ఫెక్షన్‌ వల్ల వచ్చిన హెపటైటిస్ అని వైద్యులు నమోదు చేశారు. అయినా ఆమె ప్లాస్మాతో తయారైన మందు 1977, 1978లలో బాలింతలకు అందుతూనే ఉంది.

అప్పటికి ఈ వైరస్‌కు పేరు లేదు. హెపటైటిస్ ఎ కాదు, బి కాదు, మరేదో ఉందని మాత్రం 1975లో అమెరికాలో హార్వీ ఆల్టర్ తదితరులు తేల్చారు. 1989లో మైకేల్ హౌటన్ బృందం దాన్ని పట్టుకుంది. ఇంజెక్షన్ తర్వాత జబ్బుపడిన ఐర్లండ్ స్త్రీల రక్త నమూనాలు 1977 నుంచీ లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో భద్రంగా ఉన్నాయి. కొత్త పరీక్ష వచ్చాక వాటిలో హెపటైటిస్ సి ఉందని ఆ ఆసుపత్రి 1991 డిసెంబరులో డబ్లిన్‌కు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం చేతికందాక కూడా రెండేళ్లకు పైగా ఎవరూ ఆ తల్లులకు కబురు చేయలేదు. రెండేళ్లు అంటే ఫైబ్రోసిస్ (కాలేయంలో మచ్చలు) ముదిరేవారికి తక్కువ కాలం కాదు. చివరికి కార్క్ నగరంలోని వైద్యురాలు జోన్ పవర్, హెపటైటిస్ సి బయటపడిన రక్తదాతల్లో నెగటివ్ గ్రూపు స్త్రీలు ఎక్కువగా ఉండటం గమనించారు. 1994 ఫిబ్రవరిలో విషయం దేశానికి తెలిసింది.

డొనెగాల్ కౌంటీకి చెందిన బ్రిజిడ్ మెకోల్ పన్నెండుమంది బిడ్డల తల్లి. ఆమె రక్తమార్పిడి సంస్థపై దావా వేశారు. కేసు ఓడితే ఖర్చులు రాబడతామని ఆ సంస్థ న్యాయవాదులు ఆమెను హెచ్చరించారు. 1996 అక్టోబరులో, పరిహారానికి ఒప్పుకున్న మర్నాడే, కాలేయం పూర్తిగా దెబ్బతిని ఆమె చనిపోయారు. ఆ తర్వాతే ప్రభుత్వం మాజీ ప్రధాన న్యాయమూర్తి థామస్ ఫిన్లే చేత విచారణ జరిపించింది.

ఇంజెక్షన్ తీసుకున్న 62,667 మందికి పరీక్ష చేస్తే 704 మందిలో వైరస్ సోకిన ఆనవాళ్లు కనిపించాయి. వారిలో 390 మందిలో వైరస్ ఇంకా ఉంది. మిగిలినవారి శరీరం దాన్ని తనంతట తానే వదిలించుకుంది. 1999లో వెలువడిన అధ్యయనం ఇన్‌ఫెక్షన్ సోకి సగటున 17 ఏళ్లు గడిచిన 376 మందిని పరిశీలించింది. బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేసిన 363 మందిలో 98 శాతం మందికి కాలేయంలో వాపు, 51 శాతం మందికి ఫైబ్రోసిస్ ఉన్నాయి. సిర్రోసిస్ దాకా వెళ్లింది 2 శాతమే.

ఆ 2 శాతం చూసి చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం 51 శాతమే ముఖ్యంగా కనిపిస్తుంది. ఈ వైరస్ కాలేయ కణాలను నేరుగా చంపేది తక్కువ. వైరస్ చేరిన కణాలపై మన రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి చేసే దాడివల్లే నష్టం ఎక్కువ. కాలేయంలో విటమిన్ ఎ నిల్వచేసుకుని ఉండే స్టెలేట్ కణాలు ఈ వాపుకు స్పందించి మచ్చ కట్టే కొల్లాజెన్ పోగులు తయారుచేయడం మొదలుపెడతాయి. మైక్రోస్కోపు కింద ఆ పోగులు ముందు రక్తనాళాల చుట్టూ కనిపిస్తాయి. తర్వాత ఒక నాళం నుంచి మరోదానికి వంతెనల్లా సాగుతాయి. చివరికి కాలేయాన్ని గడ్డలు గడ్డలుగా విడగొడతాయి. అదే సిర్రోసిస్. రక్తానికి దారి ఇరుకై పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. పొట్టలో నీరు, అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లి రక్తపు వాంతులు, మతి తప్పడం అక్కడినుంచి వచ్చేవే. క్యాన్సర్ ముప్పూ అక్కడే పెరుగుతుంది.

ఈ ప్రయాణం అందరిలో ఒకే వేగంతో సాగదు. 1997లో ఫ్రాన్స్‌కు చెందిన థియెరీ పోయినార్ బృందం 2,235 మంది రోగులను పరిశీలించింది. ఇన్‌ఫెక్షన్ నుంచి సిర్రోసిస్‌కు మధ్యస్థంగా 30 ఏళ్లు పడుతుందని అంచనా వేసింది. 40 ఏళ్లు దాటాక సోకి, మద్యం బాగా తాగే పురుషులకు అది 13 ఏళ్లే. 40 లోపు సోకి, మద్యం జోలికి పోని స్త్రీలకు 42 ఏళ్లు. ఐర్లండ్ తల్లులకు ఇన్‌ఫెక్షన్ సోకేనాటికి సగటు వయసు 28. అంటే 1999 నాటి 2 శాతం, నెమ్మదిగా నడిచే బృందాన్ని సగం దారిలో చూసిన లెక్క. 2013 చివరికి, దాదాపు 36 ఏళ్లు గడిచాక, దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్ ఉన్నవారిలో సిర్రోసిస్ సుమారు 19 శాతానికి చేరింది. 2008 చివరికి అది 10 శాతమే. వయసు మీదపడేకొద్దీ మచ్చలు త్వరగా ముదురుతాయి.

సరిగ్గా ఆ 2013 డిసెంబరులోనే అమెరికాలో హెపటైటిస్ సి మందు సోఫోస్బువిర్‌కు అనుమతి వచ్చింది. 12 వారాల మందుకు అక్కడ పెట్టిన ధర 84,000 డాలర్లు. భారతీయ కంపెనీలకు జెనరిక్ తయారీ లైసెన్సులు దక్కడంతో ధర నేలకు దిగింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన హెటెరో, నాట్కో ఉన్నాయి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇప్పుడు ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు. వాడినవారిలో 90 శాతానికి మించి నయమవుతున్నారు. ఫైబ్రోసిస్ కూడా చాలామందిలో వెనక్కి తగ్గుతుంది. సిర్రోసిస్ దాకా వెళ్లినవారు మాత్రం వైరస్ పోయాక కూడా ఆరునెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూ ఉండాలి.

మన దేశంలో రక్తనిధుల్లో హెపటైటిస్ సి పరీక్ష 2001లో తప్పనిసరి అయింది. అంతకుముందు రక్తం ఎక్కించుకున్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, ఒకే సూది పలువురికి వాడిన చోట ఇంజెక్షన్లు తీసుకున్నవారు వైరస్ సోకిన ఆనవాలు చూపే యాంటీబాడీ పరీక్ష చేయించుకోవాలి. అది పాజిటివ్ వస్తే, వైరస్ ఇంకా ఉందో లేదో చెప్పే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించుకోవాలి. కాలేయ ఎంజైములు మామూలుగా ఉన్నాయి కదా అని ఊరుకోకూడదు. 1999 అధ్యయనంలో బయాప్సీ చేయించుకున్న ఆ తల్లుల్లో దాదాపు అందరి కాలేయాల్లోనూ వాపు ఉంది. వారిలో 45 శాతం మందికి కాలేయ ఎంజైము ఏఎల్‌టీ 40 లోపే, అంటే మామూలుగానే ఉంది.