అరీనా కడితే హాకీ టీమ్ వచ్చేసినట్టేనా?

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో పెద్ద అరీనా (ఇండోర్ స్టేడియం) కడతామని 2023లో ప్రతిపాదన వచ్చింది. అప్పటి నుంచి కమ్మింగ్, ఆల్ఫారెటా వైపు ఉండే మనవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ వస్తోందట కదా, ఇప్పుడే ఇల్లు కొనేయమంటారా?" ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడాల్లో నడిచే పెద్ద ఐస్ హాకీ లీగ్. కొత్త అరీనాలకు సీజన్ టికెట్లు ఎన్ని అమ్ముడవుతాయో లెక్కలు వేయడం నా ఉద్యోగం.

అపోహ: అరీనా కడితే టీమ్ ఖాయం.

వాస్తవం: కెనడాలోని క్యూబెక్ సిటీ వాళ్లను అడగండి. ప్రజల డబ్బుతో 18 వేలకు పైగా సీట్ల అరీనా కట్టి 2015లో తెరిచారు. హాకీ అంటే ప్రాణం పెట్టే ఊరు. అయినా 2016లో లీగ్ టీమ్ ఇచ్చింది లాస్ వేగస్‌కే. లీగ్‌లో అప్పటికే తూర్పు విభాగంలో 16 టీములు, పడమర 14; క్యూబెక్ ఉన్నది తూర్పున, వేగస్ పడమరన. పైగా కెనడా డాలర్ పడిపోయి ఉంది, ఆటగాళ్ల జీతాలేమో అమెరికా డాలర్లలో ఇవ్వాలి. కాన్సస్ సిటీ 2007లోనే అరీనా కట్టింది. అక్కడ కచేరీలు జరుగుతున్నాయి, టీమ్ మాత్రం లేదు.

కొత్త టీమ్ రావాలంటే ఇప్పుడున్న ఓనర్లలో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. కొత్త టీమ్ కట్టే ఫీజు వాళ్లే పంచుకుంటారు. వేగస్ 50 కోట్ల డాలర్లు కట్టింది, సియాటిల్ 65 కోట్లు. కౌంటీ మీటింగ్‌లో ఆమోదించేది స్థలం, బాండ్ల (అప్పు తెచ్చే పత్రాల) సంగతి. ఆ మీటింగ్‌కూ లీగ్ నిర్ణయానికీ సంబంధం లేదు.

మొన్న ఒక ఫంక్షన్‌లో తెలిసినావిడ ఏజెంట్ పంపిన మెసేజ్ చూపించింది: "ఎన్‌హెచ్‌ఎల్ కన్ఫర్మ్". కింద ఉన్నది కౌంటీ మీటింగ్ అజెండా! "అన్నయ్యా, అడ్వాన్స్ ఇచ్చేశాం" అంది, ముఖం నిండా టెన్షన్. అరీనా అసలు రాకపోయినా స్కూలు, ఆఫీసు దూరం, నెల వాయిదా మీకు సరిపోతాయా అని అడిగాను. సరిపోతాయంది. అయితే నిశ్చింతగా కొనుక్కోమన్నాను. ఇలాంటి మెసేజ్‌లు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: వేడి ఊళ్లలో హాకీ నడవదు.

వాస్తవం: ఫ్లోరిడాలోని టాంపా టీమ్ మూడుసార్లు లీగ్ కప్పు గెలిచింది. అదే రాష్ట్రంలోని మరో టీమ్ ఫ్లోరిడా పాంథర్స్ 2024, 2025లో వరసగా గెలిచింది. ఇక చాలు.

అపోహ: రెండు టీములు పోగొట్టుకున్న అట్లాంటాకు మూడోది ఇవ్వరు.

వాస్తవం: మిన్నెసోటా టీమ్ 1993లో వెళ్లిపోయింది, 2000లో కొత్తది వచ్చింది. కెనడాలోని విన్నిపెగ్ తన టీమ్‌ను 1996లో పోగొట్టుకుంది, 2011లో మన అట్లాంటా టీమ్ థ్రాషర్సే అక్కడికి వెళ్లారు. అట్లాంటాలో జనం రాలేదన్నది సగం నిజమే. థ్రాషర్స్ ఆడిన 11 సీజన్లలో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఒక్కసారి. అక్కడ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఓనర్లేమో ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు.